అతిథి ఆచార్యులు వస్తున్నారంటే ముందు ఏం సిద్ధం చేయాలి

విజిటింగ్ ప్రొఫెసర్ రాక ఖరారైందనగానే చాలా చోట్ల మొదట శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ సంగతులు మాట్లాడుకుంటారు. నెల్లూరు జిల్లాలో ఒక విశ్వవిద్యాలయంలో అతిథి ఆచార్యుల వ్యవహారాలు చూసే నేను మొదట ఆరా తీసేది వేరు. వచ్చేవారు ఏ ప్రశ్న వెంటబెట్టుకుని వస్తున్నారు? ప్రయాణానికి రెండు నెలల ముందే ఒక పేజీ రాసి పంపమంటాను. ఏం తెలుసుకోవాలని ఉంది, ఎవరిని కలవాలి, ఏం తినకూడదు, ఎండలో ఎంత దూరం నడవగలరు. పది పేజీల బయోడేటా కన్నా ఆ ఒక్క పేజీయే పనికొస్తుంది.

అది చేతికి రాగానే సంబంధిత శాఖకు పంపేసి ఊరుకోకండి. మిగతా శాఖలకూ చూపించండి. బ్రెజిల్ నుంచి పశువుల జన్యుశాస్త్రవేత్త వస్తున్నారనుకుందాం. అక్కడ మాంసం కోసం పెంచే నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతే. ఆ శాస్త్రవేత్తను పశువైద్యుల దగ్గర కూర్చోబెడితే సగం పనే అవుతుంది. పాత ఎగుమతుల సంగతి తెలిసిన చరిత్ర అధ్యాపకులు కావాలి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల జత ఎందుకు తగ్గిపోయిందో చెప్పే ఆర్థికశాస్త్రం వారు కావాలి. ప్రకాశం జిల్లాలో ఇప్పటికీ గిత్తలను సాకుతున్న రైతు తప్పనిసరిగా కావాలి. అందుకే ప్రతి అతిథికీ వేరే శాఖకు చెందిన ఒక పరిశోధక విద్యార్థిని తోడుగా వేయండి. సొంత శాఖ విద్యార్థి గురువుగారి ముందు అడగడానికి జంకే ప్రశ్నను పొరుగు శాఖ పిల్లలు ధైర్యంగా అడుగుతారు.

శాసనాల కోసం వచ్చేవారికి మన జిల్లా పెన్నిధి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా 1905లో ప్రచురించారు. వెళ్లబోయే ఊరి పేజీలు ముందే జిరాక్స్ తీయించి పెట్టుకోండి. పొద్దున్నే బయలుదేరండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు రాతి మీది అక్షరాల గాడిలో నీడ నిలుస్తుంది, అరిగిపోయిన గుణింతం కూడా కంటికి ఆనుతుంది. మధ్యాహ్నం అదే రాయి బోడిగా కనిపిస్తుంది. అక్షరాలు తేలాలని సుద్దముక్కతో రుద్దనివ్వకండి. తడి కాగితం పరచి కుచ్చుతో కొట్టి సిరా అద్ది నకలు తీయాలంటే గుడివారి దగ్గర, పురావస్తు శాఖ దగ్గర ముందే అనుమతి ఉండాలి. అదే జీపులో భూగర్భశాస్త్రం వారికీ ఒక సీటు ఇవ్వండి. ఆ రాయి ఎక్కడిదై ఉంటుందో చెప్పగలిగేది వారే.

రొయ్యల చెరువులకు తీసుకెళ్లేటప్పుడు రైతు మర్యాదను దాటి చొరవ చూపకూడదు. తెల్లమచ్చ వైరస్ భయంతో రైతులు ఎంత జాగ్రత్తగా ఉంటారో కొత్తవారికి తెలియదు. ఒక చెరువు గట్టు మీద తిరిగిన చెప్పులతో రెండో చెరువుకు వెళ్లకూడదని, మందు నీళ్లలో కాళ్లు ముంచి దిగాలని, నీళ్లలో చెయ్యి పెట్టకూడదని బండిలోనే చెప్పండి. పట్టుబడి రోజున అసలు వెళ్లకండి. చెక్ ట్రే (మేత వేసి నీళ్లలో దించే పళ్లెం) పైకి తీసే వేళకు వెళ్తే ఎంత మేత మిగిలిందో చూసి రైతు రొయ్య ఆరోగ్యం చెబుతాడు. సూక్ష్మజీవుల శాస్త్రం వారు అక్కడ నీటి గురించి అడుగుతారు, ఆర్థికశాస్త్రం వారు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీద ధర ఎలా మారుతుందని అడుగుతారు. ఒకరి ప్రశ్నకు వచ్చిన జవాబు రెండోవారికి పనికొస్తుంది. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ గట్టు మీది సంభాషణే.

కాలం చూసుకుని పిలవండి. ఈశాన్య రుతుపవనాలు మన తీరాన్ని తడిపేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, తుపానులూ అప్పుడే. పొలాలకూ గుట్టలకూ తిరగవలసినవారికి సంక్రాంతి తర్వాత రోజులు మేలు. పక్షులను చూడాలనుకునేవారిని నేలపట్టు తీసుకెళ్లడానికీ అదే అదను. గూడబాతులు నీళ్లలోని కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి.

కాగితాల విషయంలో మొహమాటం వద్దు. పర్యాటక వీసా మీద వచ్చినవారితో పరిశోధన చేయించకూడదు. విదేశీయులు మన అతిథిగృహంలో దిగిన 24 గంటల లోపు వారి వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలిపే బాధ్యత బస ఇచ్చినవారిదే. శ్రీహరికోట చూడాలని చాలామంది అడుగుతారు. ముందస్తు అనుమతి లేనిదే మాట ఇవ్వకండి.

గదిలో పెద్ద రాతబల్ల, మంచి దీపం, దోమతెర ఉంటే చాలు, సోఫాలు అక్కర్లేదు.

ఇక వారానికొక సాయంత్రం అందరినీ కలపండి. మాకు గురువారం. ఉపన్యాసం ఉండదు, వేదిక ఉండదు. ఒకరు ఒక వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాలి, అంతే. ఒక గురువారం చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క వచ్చింది. భూగర్భశాస్త్రం లెక్కలో అది గ్రానైట్ కాదని, గాబ్రో జాతి శిల అని, అందులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ ఖనిజమని అతిథి వివరించారు. క్వారీ కార్మికుల ఊపిరితిత్తుల మాటేమిటని సామాజికశాస్త్రం విద్యార్థిని అడిగింది. చర్చ భోజనాల వేళ దాటాక కూడా సాగింది.

అతిథి వెళ్లే వారంలో ఒక పని తప్పనిసరిగా పూర్తి చేయించండి. తీసిన ఫోటోలు, రికార్డు చేసిన మాటలు ఒక ప్రతి గ్రంథాలయానికి ఇప్పించాలి; శాసనం ఉన్న ఊరి బడికి ఆ ఊరి ఫోటోలు అచ్చు వేయించి పంపాలి. రైతు పేరు వ్యాసంలో వాడుకోవాలంటే, ఆయన ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం విమానం ఎక్కకముందే తీసుకోవాలి.