జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వేగాన్ని మామూలు కన్నా పెంచిన ఓవర్‌క్లాక్ నిలవట్లేదా? చెయ్యి పెట్టే ముందు జాగ్రత్తలు

- పనంతా సేవ్ చేసి, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. టెస్టు మధ్యలో సిస్టమ్ ఆగిపోవచ్చు.
- కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో, విండోస్ మొదలవగానే ఓవర్‌క్లాక్ అమలయ్యే ఆప్షన్ తీసేయండి. లేదంటే రీస్టార్ట్ చేసినా మళ్లీ అదే క్రాష్.
- అందులో మీరు పెంచి పెట్టిన కోర్ (గ్రాఫిక్స్ చిప్), మెమరీ వేగాల అంకెలు కాగితం మీద రాసుకుని, రెండూ సున్నాకు తెచ్చి అదే గేమ్ ఆడి చూడండి. అప్పుడూ ఆగిపోతుంటే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. డ్రైవర్, పవర్ సప్లై, ర్యామ్ వైపు వెతకాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. దయచేసి వదిలేయకండి.
- ప్లగ్ తీసి పవర్ కేబుళ్లు గట్టిగా కూర్చున్నాయో లేదో చూడండి. కార్డుకు పవర్ ఇచ్చే 8 పిన్ కనెక్టర్ పరిమితి 150 వాట్లు. రెండుంటే వేర్వేరు కేబుళ్లే మేలు.
- దుమ్ము దులపండి. డిసెంబరులో నిలిచిన సెట్టింగ్ మే ఎండల్లో నిలవకపోవచ్చు.
- కోర్, మెమరీ ఒకేసారి కదపొద్దు. ముందు కోర్ ఒక్కటే, 15 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించండి.