మంచి హిప్‌హాప్ పాటలు, వీడియోలు వెతికి పట్టుకోవడం ఎలా?

యాప్ పెట్టే ప్లేలిస్ట్‌ను నమ్ముకుంటే హిప్‌హాప్‌లో ఒక మూలే తెలుస్తుంది. ట్రాప్ అనే ఒక రకం హిప్‌హాప్ పాటలు రెండు వింటే చాలు, ఆ తర్వాత అలాంటివే వరసగా వచ్చిపడతాయి. అంతకంటే మంచి దారి ఉంది. నచ్చిన ఒక్క పాట తీసుకుని, దాని వెనక పనిచేసిన పేర్లు పట్టుకుని వెళ్లండి. ఉదాహరణకు అమెరికన్ రాపర్ మిస్సీ ఎలియట్ 1997 పాట ‘ద రెయిన్’ తీసుకుందాం.

1. ముందు ప్రొడ్యూసర్ ఎవరో చూడండి

స్పాటిఫైలో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ కనిపిస్తాయి. అక్కడ పేర్లు సరిగా లేకపోతే, రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైట్‌లో ఆ రికార్డు పేజీ తెరవండి. హిప్‌హాప్‌లో పాట రూపాన్ని చాలావరకు తేల్చేది బీట్, ఆ బీట్ కట్టేది ప్రొడ్యూసర్. ‘ద రెయిన్’ బీట్ టింబలాండ్‌ది. ఆ పేరుతో వెతికితే ఆలియా, జే-జీ పాటలు దొరుకుతాయి. ఇది మంచి ఫలితాలిచ్చే పద్ధతి, ఎందుకంటే గొంతులు మారినా బీట్ కట్టే చెయ్యి ఒకటే కాబట్టి మీ చెవికి నచ్చే అవకాశం ఎక్కువ.

2. శాంపిల్ ఎక్కడిదో కనుక్కోండి

పాత రికార్డు నుంచి తీసుకుని కొత్త పాటలో వాడే ముక్కే శాంపిల్. హూశాంపుల్డ్ సైట్‌లో పాట పేరు కొట్టండి. ఏ పాత పాటలోని ముక్క వాడారో, అది ఏ సెకను దగ్గర వస్తుందో రెండూ పక్కపక్కన చూపిస్తుంది. ‘ద రెయిన్’లో వినిపించే పాత గొంతు యాన్ పీబుల్స్‌ది, పాట 1973 నాటిది. ఇక్కడితో ఆగకండి. ఆ పాత పాట పేజీకి వెళ్లి, దాన్ని ఇంకెవరెవరు వాడుకున్నారో చూడండి. ఒకే ముక్కను నలుగురు నాలుగు రకాలుగా కోసి అతికించడం వింటే ప్రొడ్యూసర్ పనితనం అర్థమవుతుంది.

చెవిని అలవాటు చేసుకోవడానికి జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’ (1970) మించింది లేదు. తొమ్మిది నిమిషాల పూర్తి రికార్డింగే వెతకండి. అయిదు నిమిషాలు దాటాక మిగతా వాయిద్యాలు ఆగి, క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి. ఆ కొద్ది సెకన్లూ నాలుగైదు సార్లు విని, పబ్లిక్ ఎనిమీ ‘ఫైట్ ద పవర్’ (1989) పెట్టండి. ఆ దరువు అందులోనూ చెవికి తగులుతుంది.

3. ఆల్బమ్ మొత్తం, వరసలో వినండి

షఫుల్ ఆపేయండి. ఫోన్ స్పీకర్‌లో బాస్ సరిగా పలకదు, పాటలో సగం పోయినట్టే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పాట పేరు పక్కన ఇంగ్లిష్ అక్షరం ‘E’ (ఎక్స్‌ప్లిసిట్, అంటే బూతు మాటలున్నది) గుర్తు లేని వెర్షన్ చాలాసార్లు మాటలు కత్తిరించినదై ఉంటుంది, అక్కడ ప్రాస తెగిపోతుంది. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి జీనియస్ అనే సైట్‌లో సాహిత్యం చూస్తూ వినండి. అక్కడి వివరణలు చాలావరకు పాఠకులు రాసినవే కాబట్టి తప్పులుండొచ్చు. కళాకారుడే రాసినట్టు ధ్రువీకరించినవాటిని నమ్మండి.

మొదలుపెట్టడానికి నాస్ ‘ఇల్మాటిక్’ (1994) సరైనది. పది ట్రాకులే, ప్రొడ్యూసర్లు మాత్రం చాలామంది. డీజే ప్రీమియర్ పేరు పట్టుకుంటే గ్యాంగ్ స్టార్, క్యూ-టిప్ పేరు పట్టుకుంటే ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే బృందాలు దొరుకుతాయి.

4. వీడియోలకు దర్శకుడి పేరు

‘ద రెయిన్’ వీడియోలో గాలి నింపిన నల్లటి సూట్, అంచులు వంగిపోయే ఫిష్‌ఐ లెన్స్ గుర్తుండిపోతాయి. దర్శకుడు హైప్ విలియమ్స్. బస్టా రైమ్స్ 1997 వీడియోల్లోనూ ఆయన చెయ్యి కనిపిస్తుంది. చైల్డిష్ గాంబినో ‘దిస్ ఈజ్ అమెరికా’ (2018) వీడియో నచ్చితే దాని దర్శకుడు హిరో మురాయ్ పేరుతో వెతకండి. కళాకారుల అధికారిక ఛానెల్‌లోనే చూడండి. ఇతరులు ఎక్కించిన కాపీల్లో కాపీరైట్‌కు దొరక్కుండా వేగమో శ్రుతో మార్చేసి ఉండొచ్చు.

5. పాట దొరక్కపోతే

శాంపిల్ అనుమతుల చిక్కుల వల్ల కొన్ని పాటలు యాప్‌లలో ఉండవు. డి లా సోల్ బృందం మొదటి ఆల్బమ్ 1989లో వచ్చినా, స్ట్రీమింగ్‌లోకి 2023 మార్చిలో గానీ రాలేదు. ఇంకా రానివాటికి పాత సీడీలు, రికార్డులే దిక్కు. మిక్స్‌టేపుల (ఆల్బమ్‌గా కాకుండా విడిగా వదిలే పాటల కూర్పుల) కోసమైతే ఇంటర్నెట్ ఆర్కైవ్ చూడండి. అక్కడ ఒకే టేపు రెండు మూడు పేర్లతో ఉంటుంది కాబట్టి ట్రాకుల జాబితా సరిపోల్చుకున్నాకే దింపుకోండి.