కళాశాల గురించి వినబడే మాటలను తూచడం ఎలా

ఒక కళాశాలలో చేరాలా వద్దా అని ఆలోచించే విద్యార్థి చెవికి మొదట చేరేవి అక్కడ చదివినవారి, చదువుతున్నవారి మాటలే. ఆ మాటలను నమ్మవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అవి లేకపోతే కళాశాల లోపలి రోజువారీ బతుకు బయటివారికి తెలిసే దారే ఉండదు. అయితే ఏ మాట కళాశాల గురించి చెబుతోందో, ఏ మాట కేవలం చెప్పినవారి మనఃస్థితిని చెబుతోందో విడదీసి చూడటం నేర్చుకోవాలి. ఓపిక ఉంటే ఇది ఎవరైనా చేయగల పనే.

మొదట మాటల పరిమాణాన్ని పక్కన పెట్టండి. ఒక కళాశాల గురించి అందరూ మాట్లాడుకుంటున్నారంటే అది గొప్పదనీ, మరొకదాని పేరే ఎవరి నోటా వినబడదంటే అది పనికిరానిదనీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎనిమిది వేలమంది చదివే చోట పుట్టే మాటలు ఎనిమిది వందలమంది చదివే చోట పుట్టే మాటలకు పది రెట్లు ఉండటంలో వింత లేదు. పైగా మాటలకు కాలాలు ఉంటాయి: ప్రవేశాల సమయంలో ఆశలు, ఫలితాలు వచ్చిన వారంలో కోపాలు, ఫీజు గడువు దగ్గరపడినప్పుడు ఫిర్యాదులు ఎక్కువగా వినబడతాయి. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత నిజమే గాని, పొగను బట్టి మంట ఎంత పెద్దదో చెప్పలేము. తడికట్టె చిన్న మంటకే ఎంతో పొగ ఇస్తుంది. మౌనానికి కూడా చాలా కారణాలు ఉండవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారు ఎక్కువగా ఉన్న కళాశాలలో కబుర్లకు తీరిక ఉండదు. నోరు విప్పితే యాజమాన్యం ఏమంటుందో అన్న భయం ఉన్న చోటా మాట బయటికి రాదు. ఈ రెండు మౌనాలూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, మౌనాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

ఆ తర్వాత మాట్లాడినవారు ఎవరో, మాట్లాడనివారు ఎవరో ఆలోచించండి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి నమూనా ఓటు చీటీలు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. ఇంత పెద్ద సంఖ్యను చూసుకుని ఆ పత్రిక రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. చివరికి అతని ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలుచుకున్నాడు. చీటీలు అందినవారు దేశం మొత్తానికి ప్రతినిధులు కారు, అందినవారిలో తిరిగి పంపినవారూ అందరి లాంటివారు కారు. లక్షల గొంతులు విన్నా, వినని గొంతులు వేరే మాట చెప్పబోతున్నాయని ఆ పత్రికకు తెలియలేదు. కళాశాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. బాగా ఆనందించినవారు, బాగా దెబ్బతిన్నవారు తమంతట తాముగా మాట్లాడతారు. ఉదయం వచ్చి, పాఠం విని, సాయంత్రం ఇంటికి వెళ్లే మధ్యస్థ విద్యార్థి మాట్లాడడు. మీరు వెతుక్కుంటూ వెళ్లి అడగాలి. మధ్యలో మానేసి వెళ్లిపోయినవారి మాట అంతకన్నా అరుదు, అంతకన్నా విలువైనది. చేరినవారిలో ఎందరు గడువు లోపల పట్టా పుచ్చుకున్నారని కళాశాలను సూటిగా అడగటం ఆ లోటును కొంత తీరుస్తుంది.

ఇక అసలు పని, తీర్పును సంఘటనగా మార్చడం. ఒక సీనియర్‌ను మీరు అడిగారనుకుందాం. "అక్కడ పాఠాలు సరిగా చెప్పరు" అంటాడు. ఇది తీర్పు, దీనితో మీరు చేయగలిగింది ఏమీ లేదు. "అన్నా, చివరిసారి ఏ క్లాసు జరగలేదు, ఎన్నాళ్లు జరగలేదు?" అని అడగండి. "మూడో సెమిస్టర్‌లో ఒక సారు మధ్యలో మానేశారు. ఐదు వారాలు ఎవరూ రాలేదు. తర్వాత పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని పంపారు" అని అతను చెప్పాడనుకోండి. ఇప్పుడు మీ చేతికి ఒక విషయం చిక్కింది: ఆ విభాగంలో ఒకరు వెళ్లిపోతే ఆ చోటు నింపడానికి మనిషి లేడు. దానిని ఇంకొకరి దగ్గర సరిచూసుకోవచ్చు, ఇప్పుడు ఆ విభాగంలో ఎందరు అధ్యాపకులు ఉన్నారో కళాశాలను అడగవచ్చు. పొగడ్తనూ ఇలాగే విప్పాలి. "సూపర్ కాలేజీ" అన్న అక్కను ఏం చూసి అలా అనిపించిందో అడిగితే, వార్షికోత్సవాలు ఘనంగా చేస్తారన్న జవాబు రావచ్చు. అది అబద్ధం కాదు, ఆమెకు అది నిజమైన ఆనందమే. కానీ మీరు వెతుకుతున్నది దానికోసం కాకపోవచ్చు.

విన్న ప్రతి మాట పక్కన ఒక నోటుపుస్తకంలో మూడు సంగతులు రాసుకోండి: చెప్పినవారు ఏ విభాగంలో చదివారు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చదివారు, తాము స్వయంగా చూశారా లేక విన్నారా. ఈ మూడూ రాసేసరికి సగం మాటలు వాటంతట అవే తేలిపోతాయి. పదేళ్ల కిందటి ప్రిన్సిపాల్ గురించిన కథ ఇప్పటి కళాశాలకు వర్తించదు. ఒక విభాగపు వైభవం పక్క విభాగానికి రాదు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు విభాగాలలో చదువు తీరు పూర్తిగా వేరుగా ఉండటం మామూలే. ఒకే గదిలో ఉండే ముగ్గురు స్నేహితులు ఒకే మాట చెబితే దానిని ఒక సాక్ష్యంగానే లెక్కించండి. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు, వేర్వేరు సంవత్సరాలవారు, మీరు ఎత్తకుండానే ఒకే సంగతి ఎత్తితే అది బరువైన సాక్ష్యం.

నా అనుభవంలో అన్నిటికంటే నమ్మదగినవి యథాలాపంగా జారే మాటలు. కళాశాల గురించి అభిప్రాయం చెప్పాలని కూర్చున్నప్పుడు మనిషి కాస్త సర్దుకుని చెబుతాడు. వేరే సంగతి చెబుతూ, "ల్యాబ్‌లో ముగ్గురికి ఒక కంప్యూటర్ కదా, అందుకే రికార్డు ఆలస్యమైంది" అన్నప్పుడు అతనికి ఎవరినీ ఒప్పించాలని ఉండదు. "మేడమ్ రాత్రి తొమ్మిదింటికి కూడా డౌట్ చెప్పారు" అన్నదీ అలాంటిదే. విద్యార్థులు ఒకరినొకరు అడుగుకునే ప్రశ్నలనూ గమనించండి. హాల్‌టికెట్ ఎప్పుడిస్తారు, సర్టిఫికెట్‌కు ఏ గదికి వెళ్లాలి అన్న ప్రశ్నలు ఏటా అవే వస్తుంటే, చెప్పవలసిన సమాచారం ఆ కార్యాలయం చెప్పడం లేదని అర్థం. పరీక్షకు ముందు రోజు ముఖ్యమైన ప్రశ్నలు ఏవని అడగటం మాత్రం ప్రతి కళాశాలలోనూ ఉంటుంది, దానిని బట్టి ఏమీ అనుకోకండి. సెమిస్టర్ మధ్యలో, పరీక్షలు దూరంగా ఉన్న రోజుల్లో వారు దేని గురించి మాట్లాడుకుంటారన్నదే చూడవలసినది.

అధ్యాపకుల గురించి విద్యార్థులు చెప్పే మెప్పును మరింత జాగ్రత్తగా వినాలి. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను ఏ అధ్యాపకుడి తరగతిలో వేయాలన్నది లాటరీ పద్ధతిన నిర్ణయిస్తారు, పరీక్ష అందరికీ ఒకటే. ఈ సదుపాయాన్ని వాడుకుని క్యారెల్, వెస్ట్ అనే పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. తొలి కోర్సులో మంచి మార్కులు తెప్పించి, విద్యార్థుల మెప్పు పొందిన అధ్యాపకుల దగ్గర చదివినవారు ఆ తర్వాతి పై కోర్సులలో సగటున వెనకబడ్డారని అందులో తేలింది. 2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర విద్యార్థులపై జరిగిన మరో అధ్యయనంలో, తామే సమస్యలతో కుస్తీ పట్టిన విద్యార్థులు సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవారికంటే ఎక్కువ నేర్చుకున్నారు గాని, తక్కువ నేర్చుకున్నామని భావించారు. కాబట్టి "ఆయన పాఠం చాలా కష్టం" అన్న మాటను ఫిర్యాదుగా రాసుకునే ముందు, ఆయన దగ్గర చదివి రెండేళ్లు గడిచిన విద్యార్థిని అడగండి. ఆ రెండేళ్ల దూరం నుంచి వచ్చే జవాబు చాలాసార్లు వేరుగా ఉంటుంది.

పేరున్న కళాశాలనుంచి వచ్చినవారు జీవితంలో పైకి వచ్చారని విన్నప్పుడు కూడా ఒక్క క్షణం ఆగాలి. బాగా చదివేవారినే ఏరి చేర్చుకునే చోటినుంచి బాగా చదివినవారు బయటికి రావడంలో కళాశాల పాలు ఎంత? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే పరిశోధకులు అమెరికా కళాశాలల గురించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే రకమైన కళాశాలలలో సీటు వచ్చినా కాస్త తక్కువ పేరున్నదానిలో చేరిన విద్యార్థుల తర్వాతి సంపాదన, పేరున్నదానిలో చేరినవారితో సగటున దాదాపు సమానంగా ఉంది. తక్కువ ఆదాయపు కుటుంబాలనుంచి వచ్చినవారికి మాత్రం పేరున్న కళాశాల మేలు చేసింది. ఈ రెండో వాక్యాన్ని చాలామంది వదిలేసి మొదటిదే చెబుతారు. అలాంటి కుటుంబంనుంచి వచ్చిన విద్యార్థికి అదే అసలు వాక్యం.

అంకెలు ఉంటే మాటలతో పని లేదనుకోకండి, అంకెలను కూడా ఇదే తక్కెడలో వేయాలి. ఉద్యోగాల శాతం చెప్పినప్పుడు ఎందరిలో ఎందరికి అని అడగండి. ఒక విభాగంలో 200 మంది ఉండి, నియామకాలకు 120 మందిని మాత్రమే అర్హులుగా నమోదు చేసి, వారిలో 90 మందికి ఉద్యోగం వస్తే, కరపత్రంలో 75 శాతం అని పడుతుంది, నిజానికి అది 45 శాతం. సగటు జీతం మరీ మోసపు అంకె. పదిమందిలో తొమ్మిదిమందికి నెలకు 20 వేలు, ఒకరికి 2 లక్షల 20 వేలు వస్తే సగటు 40 వేలు అవుతుంది. ఆ పదిమందిలో ఒక్కరికీ 40 వేలు రాలేదు. వరుసలో మధ్యన నిలబడిన విద్యార్థి జీతం, అంటే మధ్యగతం, ఎంతో అడగండి. పెద్ద సంస్థల అంకెలూ పరీక్షకు అతీతం కావు. అమెరికాలో విశ్వవిద్యాలయాలకు ఏటా ర్యాంకులిచ్చే యు.ఎస్. న్యూస్ జాబితాలో 2వ స్థానంలో నిలిచిన కొలంబియా విశ్వవిద్యాలయం అంకెలలో తేడాలు ఉన్నాయని 2022లో ఆ విశ్వవిద్యాలయపు గణిత ఆచార్యుడే అయిన మైకేల్ థాడియస్ బయటపెట్టాడు. 20 మంది లోపు విద్యార్థులు ఉన్న తరగతులు దాదాపు 83 శాతం అని ఇచ్చిన లెక్క, సరిచేసుకున్నాక 57 శాతంగా తేలింది. ఆ ఏడు దాని స్థానం 18కి పడిపోయింది. ఇక్కడ అంకెను పట్టించినది లోపల ఉండి, ఆ అంకెలను ఓపికగా సరిచూసిన మనిషి మాట. మాటను అంకెతో, అంకెను మాటతో సరిచూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఒక్క రకం మాట విషయంలో మాత్రం ఈ తూకమంతా పక్కన పెట్టాలి. వేధింపుల గురించి, ప్రాణాపాయం గురించి ఒక్క విద్యార్థి నిర్దిష్టంగా చెప్పినా, మిగతా వందమంది అలాంటిదేమీ లేదన్నారని దానిని కొట్టివేయకండి. అలాంటివి వందమందికి తెలిసేలా జరగవు. ఆ ఫిర్యాదు వచ్చాక కళాశాల ఏం చేసిందో, ఎన్ని రోజుల్లో చేసిందో, ఫిర్యాదు చేసిన విద్యార్థి ఆ తర్వాత అక్కడే చదువు కొనసాగించగలిగాడా లేదా అన్నది అడగండి.

వీలైతే పాఠాలు జరిగే ఒక మామూలు రోజున, ప్రత్యేక సందర్శన దినాన కాకుండా, స్వయంగా వెళ్లండి. గ్రంథాలయంలో మీ సబ్జెక్టు అరలోంచి నాలుగు పుస్తకాలు తీసి, తేదీల చీటీ అతికించి ఉంటే చివరిసారి ఎప్పుడు బయటికి వెళ్లాయో చూడండి; చీటీ లేకపోతే పుస్తకం అంచులే చెబుతాయి, చదివిన పుస్తకం అంచు నలిగి మాసి ఉంటుంది. ప్రయోగశాలలో పరికరాల మీద కప్పిన గుడ్డపై దుమ్ము ఎంత పేరుకుందో చూడండి. నోటీసు బోర్డు మీది కాగితాల తేదీలు చదవండి. తరగతులు ముగిసిన అరగంట తర్వాత అధ్యాపకుల గదుల ముందు నిలబడండి: తలుపులు తెరిచి ఉన్నాయా, పుస్తకం పట్టుకుని ఎదురుచూసే విద్యార్థులు ఉన్నారా? వారిలో ఒకరిని పలకరించి, పాఠం అర్థం కానప్పుడు ఇక్కడ ఎవరి దగ్గరికి వెళతారో అడగండి. ఆ విద్యార్థి వెంటనే ఒక పేరు చెబితే ఆ పేరును మీ నోటుపుస్తకంలో రాసుకోండి. కాసేపు ఆలోచించి, ఏ పేరూ చెప్పలేకపోతే దానిని కూడా రాసుకోండి.