ఖాళీ ఫోల్డర్లను పైథాన్‌తో తీసేయడం ఎలా?

విజయనగరంలో ఏ ఫొటో స్టూడియో కంప్యూటర్ తెరిచినా ఇదే వరస. ఫొటోలు ఎప్పుడో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి వెళ్లిపోయుంటాయి, ఫోల్డర్లు మాత్రం అలాగే పడుంటాయి. 'సిరిమాను' లోపల 'తొలేళ్లు', దాని లోపల 'ఎడిటింగ్', దాని లోపల 'ఫైనల్'. అన్నీ ఖాళీయే. కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక్కొక్కటీ డిలీట్ చేయించకండి. పైథాన్‌లో చిన్న ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, చాలు.

పైథాన్ 3 ఉండాలి, బ్యాకప్ ఉండాలి. ఫంక్షన్‌కి 'ఖాళీ_తీసెయ్' అనే పేరు పెట్టండి. 'క్లీన్' అని పెడితే ఏం తీస్తుందో రేపు మీకే గుర్తుండదు. దానికి ఫోల్డర్ పాత్ (అది ఎక్కడుందో చెప్పే చిరునామా) ఇచ్చి, ఫైళ్ల పనులు చూసే ఓఎస్ మాడ్యూల్‌లోని వాక్‌తో లోపలివన్నీ తిరగాలి. మీరు ఇచ్చిన పై ఫోల్డర్‌ని మాత్రం తీయకుండా వదిలేయండి.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. వాక్ మామూలుగా పై నుంచి కిందికి వస్తుంది. 'సిరిమాను' వంతు వచ్చేసరికి లోపల 'తొలేళ్లు' ఇంకా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తుంది. చివరికి పోయేది 'ఫైనల్' ఒక్కటే. అందుకని వాక్‌లో దిశ చెప్పే టాప్‌డౌన్‌కి ఫాల్స్ ఇచ్చి కింది నుంచి పైకి రావాలి.

అంతటితో అయిపోలేదు. వాక్ ప్రతి ఫోల్డర్‌కీ రెండు జాబితాలు ఇస్తుంది: లోపలి ఫోల్డర్లు, ఫైళ్లు. రెండూ ఖాళీ అయితే తీసెయ్ అని రాస్తుంటారు. కింది నుంచి వచ్చినా సరే, ఆ జాబితా లోపలికి దిగకముందు తయారైనదే. 'ఫైనల్' ఇప్పుడే పోయినా 'ఎడిటింగ్' జాబితాలో దాని పేరు ఉంటుంది, పోయినవాళ్ల పేరు ఓటరు లిస్టులో ఉన్నట్టు. దాన్ని నమ్మకండి. అసలు ఖాళీయా కాదా అని మీరు చూడటం దేనికి? ప్రతి ఫోల్డర్ మీదా, ఖాళీ ఫోల్డర్‌ని మాత్రమే తీసే ఆర్‌ఎమ్‌డిర్ నడపండి. లోపల ఏమున్నా అది తీయకుండా, పని కాలేదని చెప్పే ఓఎస్‌ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వచ్చినా కోడ్ ఆగకుండా చూసే ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకుని తర్వాతి దానికి వెళ్లడమే.

షుటిల్ అనే ఇంకో మాడ్యూల్‌లోని ఆర్‌ఎమ్‌ట్రీ జోలికి పోవద్దు. అది ఖాళీయా అని అడగదు; ఫొటోలతో సహా ఊడ్చేస్తుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. లినక్స్‌వాళ్లు ఫైండ్ కమాండ్ ఉందిగా అంటారు. ఉంది, కానీ అందులో ఎంప్టీ కన్నా ముందు డిలీట్ రాస్తే ఖాళీవి కానివీ పోతాయి. టైపింగ్ హడావుడిలో అంత రిస్కు ఎందుకు?

ఖాళీగా కనిపిస్తున్నా ఫోల్డర్ పోలేదంటే అందులో థంబ్స్ డాట్ డీబీ లాంటి దాక్కున్న ఫైల్ ఉండొచ్చు. విండోస్‌లో హిడెన్ ఐటెమ్స్‌కి టిక్ పెట్టి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసి చూడండి. అదొక్కటే ఉంటే తీసేసి, ఫంక్షన్ మళ్లీ నడపండి.