వేరొకరు వదిలేసిన స్పోర్ట్స్ కారును పూర్తి చేయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఎవరో ఇంట్లో కట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేసిన కారును కొన్నవాళ్ల దృష్టంతా మిగిలిన పని మీదే ఉంటుంది. వైరింగ్ కాలేదు, సీట్లు రాలేదు, రంగు వేయాలి. వాటితో పెద్ద ప్రమాదం లేదు, కాలేదని కంటికి కనిపిస్తూనే ఉంటుంది కదా. టెన్షన్ పడాల్సింది అయిపోయినట్టు కనిపించే పని గురించే. పాత మనిషి ఆ బోల్టును గట్టిగా బిగించాడో, రేపు చూద్దామని చేత్తో తిప్పి వదిలేశాడో చూపుతో తేలదు.

అందుకే సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకుల బోల్టులన్నీ మీరే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో సెట్ చేసుకునే రెంచ్) మళ్లీ బిగించి, నట్టు మీదుగా పక్క రేకు దాకా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత లేని బోల్టు బిగించనిదాని కిందే లెక్క. తర్వాత నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. నైలాన్ రింగున్న నట్లు విప్పితే కొత్తవే వేయండి. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకండి. కారు నేల మీద నిలబడి బరువు పడ్డాకే చివరి బిగింపు, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాలో ఇంట్లో కట్టుకునే కార్ల ఛాసిస్‌కు, అంటే చట్రానికి, ఎక్కువగా 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు వాడతారు. గొట్టం గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లే. అందుకే గ్రైండర్‌తో నున్నగా అరగదీసిన వెల్డింగ్ అందంగా ఉంటే నాకు అనుమానమే ఎక్కువ: అతుకుతో పాటు గొట్టం కూడా పలచబడి ఉండొచ్చు. సస్పెన్షన్ బ్రాకెట్ల దగ్గర రంగు గీకి, లైటు వేసి చూడండి. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, ఛాసిస్ వంకర పోలేదని తేల్చుకోండి. మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తే ఆ చోటును క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం బ్రేకులకు ఇవ్వండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్నదాన్ని నమ్మలేం. ఆయిల్, రబ్బరు గొట్టాలు కొత్తవి వేసి, ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ప్రతి జాయింటునూ తడిమి చూడాలి. పెడల్ బిగించిన రేకు వంగుతోందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ఈ బ్రేకులు వేరే కారు నుంచి తీసి పెట్టినవి కావచ్చు, ఆ కారు బరువు దీనికి రెట్టింపు ఉండొచ్చు. ముందూ వెనకా బరువు పంపకం మారితే బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రాలు ముందుగా లాక్ అయి, అంటే తిరగడం ఆగి జారిపోయి, కారు గిర్రున తిరగొచ్చు. ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో మొదలుపెట్టి, ముందు చక్రాలే ముందుగా లాక్ అయ్యేలా సర్దుకోవాలి.

పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా వెల్డింగ్ చేయకండి, లోపలి ఆవిరి పేలుతుంది. కార్బ్యురేటర్ కోసం వేసిన పైపును ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు వాడొద్దు, ఆ ప్రెషర్‌కు ఆగదు. ఇంజన్ చాలాకాలం తిరగకపోతే ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, ముందు చేత్తో తిప్పండి. సీట్ బెల్టు బోల్టు ఒట్టి రేకుకే బిగించి ఉంటే విప్పేసి, ఛాసిస్‌కు అతికిన గట్టి ప్లేటుకు మార్చండి.

నిజానికి ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే మొదలవ్వాలి: ఇంజన్, ఇరుసు ఏ కారువి, బిల్లులు ఉన్నాయా, ఇలాంటి కారుకు మీ దగ్గర రిజిస్ట్రేషన్ దొరుకుతుందా? ఆఖరిదానికి సరైన జవాబు లేకపోతే నేనైతే కొనను.

మొదటిసారి నడిపేటప్పుడు బానెట్ పూర్తిగా తీసి పక్కన పెట్టండి, లీకు ఉంటే వెంటనే కనిపిస్తుంది. మంటలార్పే సిలిండర్‌తో ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. కాసేపు తిప్పాక ఆపి, గీతలన్నీ మళ్లీ చూసుకోండి. ఏ చక్రమైనా మిగతావాటికన్నా బాగా వేడెక్కితే అక్కడ బ్రేక్ పట్టేసి ఉండొచ్చు, లేదా బేరింగ్ అతిగా బిగిసి ఉండొచ్చు.