కోరింగ మడ అడవికి వెళ్లే ముందు

బోటెక్కాలంటే ఆటుపోట్ల టైము ముందే కనుక్కోండి. ఆటు వేళ పాయల్లో నీళ్లు తగ్గిపోతాయి. అయితే పీతలు, బురదచేపలు బయటికొచ్చేదీ, బురదలో బావురుపిల్లి అడుగులు కనిపించేదీ అప్పుడే. ఆ పూట చెక్కబాటే మేలు. బాట మాత్రం దిగొద్దు. మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడచెట్లు గాలి పీల్చే వేర్లు. తొక్కితే మీ కాలికీ దెబ్బే, చెట్టుకీ దెబ్బే.

జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. దయచేసి రాత్రి తీరంలో టార్చిలైట్లు వేయకండి.

1839 తుపాను ముంచేసిన నాటి ఓడరేవు ఈ కోరింగే. వాయుగుండం కబురుంటే ప్రయాణం వాయిదా వేయండి.

నీళ్లు, టోపీ సరే. ప్లాస్టిక్ కవర్లు వద్దు. 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం దగ్గరే, సాయంత్రం అటు వెళ్లొచ్చు.