మురానో గాజు కొనేముందు అడుగు తిప్పి చూడండి

ఇటలీలోని మురానో దీవి గాజు అని ఎవరైనా ఫ్లవర్ వాజు చూపిస్తే స్టిక్కర్‌ని వదిలేసి ముందు దాన్ని బోర్లించండి. స్టిక్కర్ అంటించడం ఎంతసేపు!

ఊదిన గాజును ఇనప కడ్డీకి అంటించి మూతి దిద్దుతారు. కడ్డీ విరిచిన చోట అడుగు మధ్యలో మచ్చ పడుతుంది. మంచి సరుకులో దాన్ని అరగదీసి పాలిష్ పట్టేస్తారు. బల్లకు ఆనే అంచును భూతద్దంతో చూడండి. ఏళ్ల వాడకంతో పడ్డ గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుగా సాగితే గరుకు కాగితం పనే. పక్కన నిలువునా అతుకు గీత కనిపిస్తే అచ్చులో తీసిన సరుకేమోనని అనుమానించండి.

తర్వాత ఫోన్ టార్చి వేయండి. 'సొమ్మెర్సో' అంటే ఒక రంగు గాజును మరో గాజులో ముంచి పొరలుగా చేసినది, 1930లలో పేరొచ్చిన పద్ధతి. రంగు లోపల ఉండాలి, గోరుకు తగలకూడదు. 'అవెంచురిన్' అనే తళుకు గాజులో మెరుపు లోపలి రాగి స్ఫటికాలది. పైన పూసిన మెరుపు రంగు గోకితే ఊడుతుంది.

వెనిస్ 1291లో అగ్నిభయంతో కొలిములను మురానో దీవికి తరలించింది. అంతమాత్రాన మీకు చూపించేది అంత పాతదని కాదు. 1921లో మొదలైన వెనీని అనే మురానో గాజు సంస్థ పాత వాజుల్లో చాలావాటి అడుగున యాసిడ్‌తో వేసిన సన్నటి ముద్ర ఉంటుంది. మురానోలో చేసినదని చెప్పే 'వెత్రో ఆర్తిస్తికో మురానో' గుర్తు 1994 చట్టంతో వచ్చింది కాబట్టి, అది పాతవాటి మీద లేకపోవడం లోపం కాదు.

ఇక కడగడం. బోరు నీళ్ల ఉప్పు లోపల తెల్లపొరగా పేరుకుంటుంది. ఒక వంతు తెల్ల వినెగర్‌కి రెండు వంతుల ఆర్‌వో నీళ్లు కలిపి అరగంట ఉంచి, మళ్లీ ఆర్‌వో నీళ్లతోనే తొలవండి. పైన బంగారు రేకు ఉంటే వినెగర్ వద్దు. అప్పటికీ పొర పోకపోతే గాజే దెబ్బతిని ఉండొచ్చు. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి గోరువెచ్చటి నీళ్లు వాడండి. చింతపండు, పీచు దగ్గరికి రానివ్వకండి, ఇత్తడి చెంబు కాదిది.

మే నెలలో విజయవాడ ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టిన వాజులో ఫ్రిజ్ నీళ్లు పోస్తే మందపు పొరలు ఒక్కలా కుంచించుకోక పగులుతాయి. మందపాటి గాజు ఎండను ఒకచోటికి చేర్చి పక్కనున్న గుడ్డను కాల్చేయగలదు కూడా.

మూతి చెక్కు ఊడితే వన్‌టౌన్‌లో అద్దాలు కోసే షాపులో అరగదీయించకండి. ఎత్తు తగ్గుతుంది, అసలు ఆకారం పోతుంది. సేకరించేవాళ్లు చెక్కు ఊడినదాన్నైనా కొంటారు గానీ అరగదీసినదానికి ధర బాగా కోస్తారు.